దిగే దారి ఎటు?

మనాలీ నుంచి లేహ్ దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళానని చెప్పగానే ఎవరైనా సరే మొట్టమొదట అడిగేది లోయల సంగతి. "చక్రం జారితే ఇంకేమైనా ఉందా అండీ?" అంటారు. కొందరు ఎలుగుబంట్లున్నాయా అంటారు. మరికొందరు దొంగల భయం లేదా అంటారు. ఇంతవరకూ ఒక్కరు కూడా గాలి సంగతి అడగలేదు. అడగకపోవడం వింత కాదు. మన ఆంధ్రదేశంలో పుట్టిపెరిగినవాడికి గాలి ఒకచోట చిక్కగానూ, ఒకచోట పలచగానూ ఉంటుందన్న ఊహే రాదు. మన తూర్పు కనుమల్లో కెల్లా ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్లకు లోపే. ఆ లేహ్ రోడ్డుమీద మనిషి బయలుదేరే ఊరే 2,050 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడినుంచి ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ, 5,328 మీటర్ల తాంగ్లాంగ్ లా కనుమ దాటితేగాని లేహ్ కనబడదు.

ప్రాణవాయువు పాలు ఎంత ఎత్తుకు పోయినా మారదు. నూటికి 21 వంతులే. తగ్గేది గాలి ఒత్తిడి. 4,300 మీటర్ల దగ్గర సముద్రతీరంలో ఉన్న ఒత్తిడిలో పదింట ఆరు వంతులు మాత్రమే ఉంటుంది. తాంగ్లాంగ్ లా దగ్గర సగానికి కాస్త ఎక్కువ. అంటే, రెండుసార్లు పీల్చినా మనకు ఒకసారి పీల్చినంతే అన్నమాట. శరీరం ఈ లోటుకు అలవాటుపడగలదు. కాని దానికి రోజులు కావాలి. ఆ రోజులు ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం మొదలవుతాయి. అక్కడితో ఆగితే అదృష్టం. ముదిరితే మెదడుకు వాపు వస్తుంది, లేదా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఈ రెండూ గంటలమీద మనిషిని తీసుకుపోతాయి.

ఇది బలహీనులకు వచ్చే జబ్బు కాదు సుమా! 1962 యుద్ధంలో మైదానాలనుంచి ఉన్నపళంగా కొండలమీదికి పంపిన మన సైనికులు శత్రువు తుపాకి దెబ్బ తగలకుండానే ఈ జబ్బుతో కూలిపోయారు. డాక్టరు ఇందర్ సింగ్, ఆయన సహచరులు అటువంటి సైనికులను 1,925 మందిని పరీక్షించి 1969లో ప్రకటించిన వ్యాసం ఈనాటికీ లోకమంతా చదువుతారు. కండలు తిరిగిన కుర్రవాళ్ళకే ఆ గతి పట్టిందంటే మనబోటివాళ్ళ మాట చెప్పాలా?

మేము బయలుదేరింది 2018 జూలైలో. మేమంటే నేనూ, మా బావమరిదీ. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. రాజమండ్రిలో పుట్టి, గోదావరి ఈది పెరిగినవాడు. ఇరవైనాలుగేళ్ళు. నాకు అప్పటికి నలభై ఏడు. ఎక్కుడు వచ్చిందంటే వాడు ముందు, నేను వెనక. మలుపు దగ్గర ఆగి, "ఏం బావా, భోజనం క్యారేజీ పంపించమన్నావా?" అని వేళాకోళం చేసేవాడు.

వేళాకోళం ఎట్లా ఉన్నా, పడక విషయంలో మాత్రం నా మాటే చెల్లాలని ముందే ఒప్పందం చేసుకున్నాం. కొండల వైద్యం తెలిసినవాళ్ళు చెప్పే సూత్రం ఒకటుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత, నిన్న పడుకున్న చోటికంటే నేడు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి. పగలు ఎంత ఎత్తుకైనా ఎక్కవచ్చు. పడక మాత్రం కిందికి రావాలి. ఈ లెక్క ప్రకారం రోహ్‌తాంగ్ దాటి కేలాంగ్‌లో రెండు రాత్రులు, ఆపైన జిస్పా, పత్సేవ్, జింగ్‌జింగ్‌బార్, తరువాత సర్చూ అని మజిలీలు వేసుకున్నాం. దారిలో అంగుళం అంగుళం సరిగ్గా లెక్కకు రాదు. నీళ్ళూ, గుడారమూ ఎక్కడ దొరికితే అక్కడే మజిలీ. ఎత్తుకు అలవాటుపడటానికి తోడ్పడే మాత్రలు ఉన్నాయి. అవి అందరికీ పడవు కనుక మా ఊరి డాక్టరుగారికి చూపించుకుని, ఆయన చెప్పినట్టే వాడుకున్నాం.

టాండీ దగ్గర పెట్రోలు బంకు పక్కన, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన ఉందని బోర్డు ఉండేది. కార్లవాళ్ళు దాన్ని చూసి డబ్బాలు నింపుకుంటున్నారు. మా బావమరిది నవ్వి, "మన బంకు అన్నం కుండే బావా" అన్నాడు. ఆ మాటలో చాలా నిజం ఉంది. ఎత్తు పెరిగినకొద్దీ ఆకలి చస్తుంది. దాహం తెలియదు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. కనుక ఆకలి లేకున్నా తినాలి. దాహం లేకున్నా తాగాలి. అన్నం విషయంలో మరో చిక్కు. అంత ఎత్తున నీళ్ళు 85 డిగ్రీల చుట్టుపక్కలే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగించినా బియ్యం పలుకు పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కరున్న గుడారం కనిపిస్తే మాకు పండుగే. అందులో వండిన అన్నమూ, రాజ్మా పప్పూ పెట్టించుకుని, ఇంటినుంచి తెచ్చిన ఆవకాయ సీసా విప్పేవాళ్ళం.

సైకిలువాడికి ఆ రోడ్డు నేర్పే పాఠాలు ఇంకా ఉన్నాయి. మొదటిది వాగులు. మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పారే వాగులు తెల్లవారుజామున చీలమండ లోతున ఉంటాయి. ఎండ ఎక్కినకొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నానికి మోకాలు దాటుతాయి. కింద రాళ్ళు కనబడవు. అందుచేత వాగున్న రోజు చీకటితోనే బయలుదేరాలి. తొక్కుకుంటూ కాక, బండి దిగి, దాన్ని ప్రవాహానికి దిగువవైపు పట్టుకుని నడవాలి. బండి పోతే పోయింది. అది మనమీద పడకూడదు.

రెండవది లారీలు. ఎదురుగా లారీ వస్తే లోయవైపు ఒదిగి నిలబడటం ప్రమాదం. అంచు మట్టి ఎప్పుడు జారుతుందో ఎవరికీ తెలియదు. కొండవైపుకు వచ్చి దిగి నిలబడాలి. మూడవది దిగుడు. ఎక్కడమే కష్టమనుకుంటాం గాని, ఎముకలు విరిగేది దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు గాలికి మంచులా తగులుతుంది. వేళ్ళు కొయ్యబారితే బ్రేకు నొక్కడానికి రావు. కనుమమీదే ఆగి తడి బనీను మార్చుకుని, చేతి తొడుగులు తొడుక్కుని, బ్రేకు రబ్బర్లు చూసుకుని మరీ దిగాలి. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. చలి వేస్తూనే ఉంటుంది, ముక్కుమీద తోలు ఊడుతూనే ఉంటుంది. టెలిఫోను అక్కడ చాలాచోట్ల బొమ్మే. దార్చా దగ్గర పోలీసు చౌకీలో పేర్లు రాయించుకున్నాం. ప్రతి మజిలీలోనూ రేపు ఎక్కడికి వెళుతున్నామో గుడారపు యజమానికి చెప్పి వెళ్ళేవాళ్ళం. అంత నిర్జనంలో మనిషి ఆచూకీ మరో మనిషి నోటనే ఉంటుంది.

ఇవన్నీ జాగ్రత్తగానే జరిగాయి. బారలాచా లా 4,890 మీటర్లు. దాన్ని మధ్యాహ్నం కాకముందే దాటి, సాయంత్రానికి సర్చూ చేరాం. సర్చూ అంటే ఊరు కాదు. 4,290 మీటర్ల ఎత్తున నది పక్కన విశాలమైన మైదానం. వేసవిలో వేసి, చలికాలం రాకముందే పీకేసే గుడారాలు. చుట్టూ గడ్డిపోచయినా సరిగా మొలవని కొండలు.

గుడారంలో వేడివేడి అన్నం వచ్చింది. నేను ఆవకాయ సీసా మూత తీశాను. మా బావమరిది మొహం తిప్పుకుని, "నాకు వద్దు బావా" అన్నాడు.

నా గుండె గుభేలుమంది. వాడు జ్వరంలో పథ్యం ఉండి కూడా వాళ్ళ అమ్మ చూడకుండా ఆవకాయ నాకినవాడు. "తల నొప్పిగా ఉందా?" అన్నాను. "అబ్బే, అలసట" అన్నాడు. బయటికి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చాడు. అప్పుడుగాని చెప్పలేదు. జింగ్‌జింగ్‌బార్‌లో ముందురోజు రాత్రే తల పగిలిపోయిందట. నాకు తెలియకుండా తలనొప్పి మాత్ర వేసుకున్నాడట. పొద్దున ఎప్పటిలాగే నవ్వుతూ లేచాడు. పెట్టిన రొట్టెలన్నీ తిన్నాడు. అడిగితే "భేషుగ్గా ఉన్నాను" అన్నాడు.

రాత్రి పదకొండు గంటలకు వాడికి బొత్తిగా బాగాలేదు. లేపి బయటికి తీసుకువచ్చి, ఇసుకలో బూటు మడమతో పది అడుగుల గీత గీశాను. టార్చిలైటు వేసి పట్టుకుని, ఒక పాదం వేళ్ళకు రెండవ పాదం మడమ తగిలిస్తూ దానిమీద నడవమన్నాను. మెదడుకు దెబ్బ తగిలిందీ లేనిదీ తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు. మూడవ అడుగుకే పక్కకు తూలాడు. మళ్ళీ నడవమన్నాను. మళ్ళీ తూలాడు. తాగినవాడి నడకలా ఉంది. వాడు జన్మలో చుక్క ముట్టినవాడు కాదు.

ఈ జబ్బుకు అసలైన మందు ఒక్కటే. కిందికి దిగిపోవడం. అది ఎవరైనా చెబుతారు. కాని సర్చూలో నిలబడి, కింద ఎటు? అని అడిగితే జవాబు వెంటనే దొరకదు. అదే ఆ చోటులో ఉన్న మోసం. ముందుకు పోతే నకీ లా, ఆ తరువాత 5,000 దాటిన లాచుంగ్ లా. ఆ రెండూ దాటి దిగిన పాంగ్ కూడా సర్చూకంటే ఎత్తే. దాని తరువాత మోరే మైదానం ఇంకా ఎత్తు, ఆపైన తాంగ్లాంగ్ లా. అవతలివైపు రుంత్సే చేరేదాకా, అంటే సుమారు 180 కిలోమీటర్లు, సర్చూకంటే చెప్పుకోదగినంత పల్లపు చోటు లేదు. వెనక్కు పోతే ఒక్క బారలాచా. ఆరువందల మీటర్లు ఎక్కాలి. ఎక్కినవెంటనే దిగుడే. జిస్పా దాకా దిగుడే.

"లేహ్‌లో పెద్ద ఆసుపత్రి ఉంటుంది, ముందుకే పోదాం బావా" అని వాడు గొణిగాడు. ఊరు పెద్దదా చిన్నదా అన్నది కాదు ప్రశ్న. పల్లం ఎటు దగ్గర అన్నదే. వెనక్కే అని తేల్చాను.

గుడారపు యజమాని లేచి వచ్చాడు. పక్కనున్న యాత్రికుల శిబిరంలో అడిగి ఒక చిన్న ఆక్సిజను సిలిండరు తెచ్చిపెట్టాడు. కనుమ దాటేటప్పుడు వాడుకోవడానికని దాన్ని దాచాము. లేహ్‌లో సరుకు దింపి మనాలీ తిరిగిపోతున్న పంజాబీ లారీడ్రైవరు ఒకాయన పక్కనే పడుకుని ఉన్నాడు. మేము లేపితే విసుక్కోలేదు. మా వాడి మొహంమీద టార్చి వేసి చూశాడు. "పదండి" అన్నాడు. అంతే. రెండు సైకిళ్ళనూ వెనక కట్టాడు. ముందు సీటులో నా పక్కన వాడిని కూర్చోబెట్టి, "పడుకోనివ్వకు. మాట్లాడిస్తూ ఉండు" అన్నాడు. రాత్రి చలికి మంచు గడ్డకట్టి వాగులు సన్నబడ్డాయి. లారీకి ఆ వేళ మంచిదేనట.

ఏం మాట్లాడించను? బెజవాడ నుంచి విశాఖపట్నం దాకా రైలు స్టేషన్లు వరసగా చెప్పరా అన్నాను. చిన్నప్పుడు వాడికి అది వేదం. కళ్ళు మూసుకుని, "ఏలూరు... తాడేపల్లిగూడెం... కొవ్వూరు... ఏలూరు..." అన్నాడు. కొవ్వూరు దాటితే గోదావరి వంతెన, ఆవల రాజమండ్రి. వాడు పుట్టిన ఊరు. ఆ పేరు వాడి నోటికి రాలేదు. నాకు ఏడుపు వచ్చింది. అడుగుతూనే ఉన్నాను. వాడు ఏలూరు దగ్గరే తిరుగుతూ ఉన్నాడు.

కనుమ ఎక్కుతున్నప్పుడు ఆక్సిజను గొట్టం ముక్కు దగ్గర పట్టుకుని కూర్చున్నాను. పైకి చేరేసరికి తెలతెలవారుతోంది. అవతలివైపు మలుపులు దిగుతున్నాం. జింగ్‌జింగ్‌బార్ దాటింది. పత్సేవ్ దగ్గర వాడు కళ్ళు తెరిచి, మంచినీళ్ళు కావాలన్నాడు. దార్చా వంతెన దగ్గరికి వచ్చేసరికి, నేను అడగకుండానే, "నిడదవోలు మరిచిపోయాను బావా" అన్నాడు. "ఆ తరువాత కొవ్వూరు, రాజమండ్రి, సామర్లకోట..." అని అనకాపల్లి దాకా లాగించాడు. ఆ స్టేషన్ల పేర్లు నాకు ఏ కీర్తనా అంత ఇంపుగా వినిపించలేదు.

కేలాంగ్‌లో డాక్టరు ఆక్సిజను పెట్టి, సూదిమందు ఇచ్చి, రెండు రోజులు ఉంచుకున్నాడు. ఆ ఏడు ఇక పైకి వెళ్ళవద్దన్నాడు. "ఇంకో పూట అక్కడే ఉంచి ఉంటే?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. మా ఆవిడకు టెలిఫోను చేస్తే అంతా విని, కాసేపు ఊరుకుని, "ముందు వాడికి కాస్త అన్నం పెట్టించండి" అంది. లారీడ్రైవరు డబ్బు పుచ్చుకోలేదు. సిలిండరును మాత్రం మళ్ళీ అటు వెళ్ళే లారీలో జాగ్రత్తగా సర్చూ చేర్పించాడు. అది ఇంకొకరి ప్రాణం గదా.

ఆసుపత్రి మంచంమీద వాడిని అడిగాను: "తలనొప్పి వచ్చిన రాత్రే ఎందుకు చెప్పలేదురా?" వాడు చాలాసేపటికి, "నీకంటే ముందు నాకు వచ్చిందంటే సిగ్గేసింది బావా" అన్నాడు. ఇరవైనాలుగేళ్ళ వాడికి నలభై ఏడేళ్ళ వాడి ముందు సిగ్గు! ఆ సిగ్గు ఏ లోయకూ తీసిపోదు. ఎత్తుకు అలవాటుపడటంలో వయసుకూ, బలానికీ, సైకిలు తొక్కే నేర్పుకూ పూచీ లేదు. ఒకే తల్లి బిడ్డలు ఇద్దరిలో ఒకరికి పడుతుంది, ఒకరికి పడదు. అందులో గొప్పా లేదు, తక్కువా లేదు. పొడుగు పొట్టి వంటిదే ఇదీను. బలమున్నవాడికి మరింత ప్రమాదం కూడాను. త్వరగా ఎక్కగలడు గనుక.

2019 జూలైలో మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. ఈసారి బయలుదేరేముందు డాక్టరుకు వెనకటి కథంతా చెప్పి, ఆయన సరే అన్నాకనే. ప్రతి సాయంత్రమూ అన్నానికి ముందు ఒకరినొకరు నాలుగు ప్రశ్నలు అడగాలని నియమం. తలనొప్పి ఉందా? కడుపులో వికారం ఉందా? మామూలుకంటే మించిన నీరసం ఉందా? తల తిరుగుతున్నదా? ఇవి నా సొంత ప్రశ్నలు కావు. కెనడాలోని లేక్ లూయీస్‌లో 1991లో వైద్యులు కూర్చుని తయారుచేసి, 2018లో సవరించిన పట్టికలోవి. ఒక్కదానికి "ఊఁ" అన్నా రేపు ఎక్కడం లేదు. తగ్గకపోతే దిగడం. వాదన లేదు. సర్చూలో ఒకరోజు నాకే తలనొప్పి అనిపించింది, చెప్పాను. రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. తగ్గింది, కదిలాం.

సర్చూ దాటాక గాటా లూప్స్ అని 21 మెలికలున్న ఎక్కుడు వస్తుంది. ఒక మలుపులో రాళ్ళు పేర్చిన చిన్న గుడి, దానిచుట్టూ గుట్టగా నీళ్ళ సీసాలు. వెనక ఎప్పుడో ఒక లారీ అక్కడ చెడిపోతే, డ్రైవరు సాయంకోసం వెళ్ళాడట. జబ్బుపడిన క్లీనరు లారీలో ఉండిపోయాడట. మంచు పడి దారి మూసుకుపోయి, సాయం వచ్చేసరికి అతను ప్రాణంతో లేడట. ఇప్పటికీ దారినపోయేవాళ్ళను దాహం అడుగుతాడని చెబుతారు. దయ్యాన్ని నేను నమ్మను. కాని ఆ కథలో ఉన్న జబ్బునూ, ఒంటరితనాన్నీ నమ్ముతాను. మా బావమరిది తన సీసా ఒకటి అక్కడ పెట్టి, మాట్లాడకుండా బండెక్కాడు.

తాంగ్లాంగ్ లా మీద మేము పావుగంటకు మించి ఉండలేదు. ఫోటో తీసుకున్నాం, బనీన్లు మార్చుకున్నాం, దిగిపోయాం. ఆ రాత్రి రుంత్సేలో అన్నం ముందు కూర్చుని నాలుగు ప్రశ్నలూ అడిగాను. నాలుగింటికీ లేదన్నాడు. "నిజమేనా?" అన్నాను. "ఆ సీసా ఇలా తే బావా, నిజమో కాదో నువ్వే చూడు" అన్నాడు.

ఇప్పుడు ఆ దారి సులువయింది. 2020 అక్టోబరు 3న రోహ్‌తాంగ్ కింద తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. కార్లలో వెళ్ళేవాళ్ళు పొద్దున మనాలీలో కాఫీ తాగి, సాయంత్రానికి సర్చూలో పడక వేయగలరు. రోడ్డు సులువయింది గాని మన ఊపిరితిత్తులు మారలేదు. కనుక సైకిలైనా కారైనా సరే, అటు వెళ్ళదలచిన పాఠకులకు నేను చెప్పవచ్చేది ఒక్కటే. ఏ రాత్రి ఎక్కడ పడుకున్నా, కన్ను మూసేముందు దిగే దారి ఎటో, ఎంత దూరమో తెలుసుకుని పడుకోండి. తోడు ఉన్నవాడు ఎలా ఉందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.